12×10 గదికి ఇంట్లోనే డిఫ్యూజర్ చేసుకోవచ్చా?

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కడపలో మీ ఇంటి మిద్దె మీద 12×10 అడుగుల గది ఉంది, ఎత్తు కూడా 10 అడుగులే. కింద నాపరాయి, పైన స్లాబు, చుట్టూ సిమెంటు పూత గోడలు, ఒక పొట్టి గోడ నిండా కడప బండల అల్మరాలు. అందులో తత్వాలు, చెక్కభజన పాటలు రికార్డు చేసి అక్కడే మిక్సింగ్ కూడా చేసుకోవాలని నీ ఆలోచన. చప్పట్లు కొడితే గది టింగుమని మోగుతోంది. వీడియోల్లో చూసిన చెక్క దిమ్మెల డిఫ్యూజర్, అంటే శబ్దాన్ని అన్ని వైపులకూ చెదరగొట్టే పలక, సొంతంగా చేసుకోవచ్చా, ఏ చెక్క వాడాలి, ఎక్కడ పెట్టాలి, అంతవరకు గుడ్ల ట్రేలు అతికించుకుంటే సరిపోతుందా అని అడిగావు.

ట్రేల సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. పలచటి అట్ట పై స్థాయి శబ్దాన్ని కాస్త తగ్గిస్తుందే తప్ప, గొంతుకు ఒళ్లు ఇచ్చే మధ్య స్థాయిని, డప్పు కింది స్థాయిని తాకనే తాకదు. గది మోత తగ్గినట్టు అనిపిస్తుంది, రికార్డింగు మాత్రం గుడ్డ కప్పినట్టు డల్‌గా వస్తుంది. పైగా స్విచ్ బోర్డు పక్కన ఎండిన అట్ట, నిప్పు తగిలితే ఆపలేం. థర్మోకోల్‌కీ ఇదే మాట. కంటికి అది మెత్తగా కనిపిస్తుంది కానీ గాలి దూరే సందులు ఉండవు కాబట్టి శబ్దాన్ని పీల్చదు. బరువు లేదు కాబట్టి కింది స్థాయి శబ్దాన్ని తిప్పికొట్టనూ లేదు.

ఇక అసలు విషయం. డిఫ్యూజర్ నువ్వు చేసుకోవచ్చు, నికార్సుగా పని చేసేదే చేసుకోవచ్చు. కానీ నీ గదిలో అది చివరగా రావాల్సిన వస్తువు. నేను అనంతపురంలో చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నా, చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి గదులు సరిచేయడానికీ పోతుంటా. చాలామంది డిఫ్యూజర్‌తోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఫొటోలో అదే బాగుంటుంది. రాక్‌వూల్, అంటే శబ్దాన్ని పీల్చే రాతి నార, నింపి గుడ్డ చుట్టిన చట్రాన్ని ఎవరూ ఫొటో తీసి పెట్టరు.

నీ గది టింగుమనడానికి కారణం చూడు. ఎదురెదురుగా ఉన్న రెండు గట్టి గోడల మధ్య శబ్దం క్యారమ్స్ స్ట్రైకర్‌లా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. గోడల మధ్య 10 అడుగులంటే పోయి రావడానికి సుమారు 6.1 మీటర్లు. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆ చప్పుడు సెకనుకు 56 సార్లు పోయి వస్తుంది. అందుకే అది విడివిడిగా ప్రతిధ్వనిలా కాకుండా ఒక మోతలా వినిపిస్తుంది. నీ గదిలో నేలకూ స్లాబుకూ మధ్య కూడా సరిగ్గా అదే దూరం, కాబట్టి అక్కడా అదే తంతు. చప్పట్ల కంటే చెక్కభజన చెక్కలు తెచ్చి ఒక్క దెబ్బ కొట్టి విను. ఆ చెక్కల చప్పుడు చాలా పదును, ఏ రెండు గోడల మధ్య మోగుతోందో తల తిప్పి వింటేనే తెలిసిపోతుంది.

రెండో ఇబ్బంది కంటికీ చెవికీ అంత సులభంగా దొరకదు. ప్రతి గదికీ తన కొలతలను బట్టి కొన్ని స్వరాలు ఉబ్బుతాయి. 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్. నీ గదికి ఎత్తూ వెడల్పూ ఒకటే కావడంతో 56 మీద రెండు వచ్చి కూర్చుంటాయి, దాని రెట్టింపు 112 మీద కూడా అంతే. మగవాళ్లు తత్వం పాడేటప్పుడు గొంతు దిగే చోటు ఆ 112 చుట్టుపక్కలే. కొన్ని మాటలు ఉబ్బి, కొన్ని మాటలు పలచబడటం నువ్వు ఇప్పటికే గమనించి ఉంటావు. ఈ జబ్బుకు డిఫ్యూజర్ మందు కానే కాదు. అంగుళాల లోతున్న చెక్కకు 3 మీటర్ల అల కనిపించను కూడా కనిపించదు.

కాబట్టి ముందు మూలలు. రాక్‌వూల్ స్లాబులు 48 లేదా 64 సాంద్రతవి, 50 మిల్లీమీటర్లవి రెండు కలిపి 4 అంగుళాల మందం చేసి, 4×2 అడుగుల చెక్క చట్రంలో పెట్టి గుడ్డ చుట్టు. ఇవి నాలుగు మూలల్లో, మూలకు అడ్డంగా, వెనకాల ఖాళీ వదిలి నిలబెట్టాలి. ఇంకా మందం పెట్టగలిగితే ఇంకా మంచిది. గుడ్డ ఏదైనా పర్వాలేదు, నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, అంతే. మాధవరం నేత గుడ్డ దొరికితే చూడటానికీ బాగుంటుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా ఖాయంగా వేసుకో, లేకపోతే రాత్రంతా దురదే. డబ్బు ఇబ్బందైతే పాత దూది పరుపులు నిలబెట్టినా పని జరుగుతుంది. దూది మంచి శోషకమే, కాకపోతే ఎలుకలు, చెమ్మ, నిప్పు, ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉండాలి.

ఆ తర్వాత పక్క గోడలు. స్పీకర్లు అల్మరాలు లేని పొట్టి గోడ వైపు, అల్మరాలు నీ వెనకవైపు వచ్చేలా కూర్చో. ఇది ముఖ్యం, కింద మళ్లీ చెబుతా. నువ్వు కుర్చీలో కూర్చుని ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరపమను. అద్దంలో ఎక్కడ స్పీకర్ కనిపిస్తుందో అక్కడ అలాంటిదే ఒక రాక్‌వూల్ ప్యానెల్. రెండు పక్కలా అంతే, పైన స్లాబుకు కూడా అంతే. పైదాన్ని స్లాబుకు నాలుగంగుళాలు దిగువన వేలాడదీస్తే ఇంకాస్త కింది స్థాయిని కూడా పట్టుకుంటుంది. ఫ్యాన్ రెక్కలకు దూరంగా చూసుకో. ఫ్యాన్ తీసేయమని నేను చెప్పను, మే నెలలో కడపలో ఫ్యాన్ లేకుండా ఎవరూ గది లోపలికే రారు. టేక్ తీసే మూడు నిమిషాలు ఆపితే చాలు. నేల మీద జంపఖానా పరువు, అదొక్కటే నేలకూ స్లాబుకూ మధ్య మోతను సగం చంపుతుంది.

ఇంతవరకు చేసి, చెక్కలతో మళ్లీ కొట్టి చూడు. చాలా గదుల్లో ఇక్కడికే పని అయిపోతుంది.

ఇప్పుడు వెనక గోడ. నువ్వు అల్మరాలని బాధగా రాశావు, నాకైతే అది నీ గదిలో అన్నిటికంటే మంచి విషయం. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండతో కట్టిన అల్మరా అంటే బరువైన, కదలని, అడుగు లోతున్న గూళ్లు. దానిలో వస్తువులు ఒక వరుసలో కాకుండా ఎగుడుదిగుడుగా పెడితే అదే ఒక డిఫ్యూజర్. పాత పుస్తకాలు, నోట్ పుస్తకాల కట్టలు, క్యాసెట్ పెట్టెలు, చెక్క పెట్టెలు ఉంటే తెచ్చి ఒకటి అంచు దాకా, పక్కది నాలుగంగుళాలు లోపలికి, ఇంకోటి రెండంగుళాలు లోపలికి పెట్టు. ఒకే పద్ధతి మళ్లీ మళ్లీ రాకూడదు. కొన్ని గూళ్లు ఖాళీగా కూడా వదులు. స్టీలు గిన్నెలు మాత్రం మీ అమ్మగారికి చెప్పి కిందికి దింపించు, డప్పు మోగిన ప్రతిసారీ అవి కూడా మోగుతాయి. అల్మరాకు గాజు తలుపులు ఉంటే తీసేయాలి, లేకపోతే లోపల ఎంత సర్దినా బయటికి అది మళ్లీ ఒక నున్నని గోడే. దీనికి ఖర్చు లేదు, ఒక ఆదివారం చాలు.

ఇది విన్నాక కూడా చేసి చూడాలనే ఉంటే, చేయి. నాకూ అది ఇష్టమైన పనే. కానీ దిమ్మెల రకం కాదు, పక్కపక్కన వేర్వేరు లోతుల్లో నిలువు కాలువలుండే కాలువల రకం చేయి.

కాలువల రకం వెనక లెక్క జర్మనీ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌ది. ఆయన 1975లో, ఆ తర్వాత 1979లో రాసిన వ్యాసాలతోనే ఈ డిఫ్యూజర్లు మొదలయ్యాయి. లెక్క భయపడేంతది కాదు. 7 అనే ప్రధాన సంఖ్య తీసుకో. 0 నుంచి 6 వరకు ప్రతి అంకెనూ దానితోనే హెచ్చించి, 7తో భాగించి, శేషం రాయి. 0, 1, 4 సరే. 9ని భాగిస్తే 2, 16కు 2, 25కు 4, 36కు 1. వరుస 0, 1, 4, 2, 2, 4, 1. ఇవే ఏడు కాలువల లోతులు. ఒక్కో కాలువలోకి పోయిన శబ్దం ఒక్కో ఆలస్యంతో తిరిగి వస్తుంది, ఆ ఆలస్యాలు ఈ వరుసలో ఉన్నప్పుడు తిరిగొచ్చే శబ్దం ఒక్క వైపుకే కాకుండా అన్ని వైపులకూ దాదాపు సమానంగా చెదురుతుంది. అడ్డదిడ్డంగా లోతులు పెట్టినా కొంత చెదురుతుంది, అల్మరా పని చేసేది అలాగే. లెక్క ప్రకారం కడితే ఆ చెదరడం నమ్మకంగా ఉంటుంది.

ఒక మెట్టుకు ఒక అంగుళం అనుకో. అప్పుడు లోతులు 0, 1, 4, 2, 2, 4, 1 అంగుళాలు. ఈ డిఫ్యూజర్ సుమారు 965 హెర్ట్జ్ దగ్గర లెక్క ప్రకారం పని మొదలుపెడుతుంది, దాని కిందా కొంత ప్రభావం ఉంటుంది. పై హద్దు కాలువ వెడల్పును బట్టి. రెండంగుళాల వెడల్పుకు సుమారు 3,400 హెర్ట్జ్. గొంతు స్పష్టతకూ చెక్కల పదునుకూ ఈ మధ్యనున్న భాగమే కీలకం కాబట్టి నీకు ఇది సరిపోయే సైజు. ఎండాకాలం మారుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు, మారుతుంది. 40 డిగ్రీల్లో శబ్దం సెకనుకు 355 మీటర్లు పోతుంది, 965 కాస్తా 1000 దగ్గరికి జరుగుతుంది. చెవికి ఏమీ తెలియదు.

అంగుళం ఎందుకు ఎంచుకున్నానంటే, ఏ కట్టెల డిపోలో అడిగినా 2×1 రీపర్లు, అంటే పొడవాటి కట్టె బద్దలు, దొరుకుతాయి. వెడల్పు రెండంగుళాలు, మందం అంగుళం. అంటే కోత లేకుండా మెట్లు వచ్చేస్తాయి. వెనక పలక మీద రీపర్లను పేర్చుకుంటూ పోవడమే. లోతు సున్నా ఉన్న చోట నాలుగు రీపర్ల ఎత్తు, లోతు నాలుగు ఉన్న చోట ఏమీ లేదు. వరుసగా 4, 3, 0, 2, 2, 0, 3. మొత్తం 14 రీపర్లు. నాలుగు అడుగుల పొడవు ప్యానెల్‌కు రెండు వరుసలు పక్కపక్కన పెడితే 28 ముక్కలు, అంటే 112 అడుగుల రీపరు. పగిలినవి, వంకరవి తీసేయడానికి ఇంకో పది అడుగులు ఎక్కువ తీసుకో. చిత్రిక పట్టిన రీపరు మందం అంగుళానికి తక్కువే ఉంటుంది, 22 మిల్లీమీటర్లు ఉందనుకో, ఫర్వాలేదు. హద్దు 1,110 హెర్ట్జ్‌కు జరుగుతుంది, అంతే. కానీ అన్ని రీపర్లూ ఒకే మందం ఉండాలి. ఒకటి 20, ఒకటి 25 అయితే లెక్క పోయినట్టే. డిపోలో స్కేలు పెట్టి ఏరుకో, షాపాయన విసుక్కుంటాడు, పట్టించుకోకు.

కాలువకూ కాలువకూ మధ్య పలచటి గోడ తప్పనిసరి. వీడియోల్లో చాలామంది ఇది వదిలేస్తారు. గోడ లేకపోతే శబ్దం పక్క కాలువలోకి కారిపోయి, ఆలస్యాల లెక్క చెడిపోతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. 8×4 షీటు ఒక్కటి కొంటే మొత్తం పని అయిపోతుంది. ఎనిమిది అడుగుల వైపు నుంచి నాలుగంగుళాల వెడల్పున, నాలుగడుగుల పొడవున 15 పట్టీలు కోయించు. రంపం తినేది కలిపినా ఇంకా సుమారు 34 అంగుళాల షీటు మిగులుతుంది. రెండు వరుసలకు మొత్తం వెడల్పు 14 కాలువలకు 28 అంగుళాలు, 15 గోడలకు మూడున్నర, కలిపి ముప్పై ఒకటిన్నర. మిగిలిన ముక్కే వెనక పలక అవుతుంది. కోతలు చేతి రంపంతో వద్దు, షాపులోనే టేబుల్ మిషన్ మీద కోయించుకో. పట్టీలన్నీ ఒకే వెడల్పు వస్తే సగం పని అయినట్టు. పై కొసకూ కింది కొసకూ మూతలకు షాపులో తుక్కు ముక్కలు అడిగితే ఇస్తారు.

అతికించేటప్పుడు ఎడమ నుంచి మొదలుపెట్టు. ఒక గోడ, ఒక రీపర్ల పేర్పు, దానికి ఆనించి ఇంకో గోడ, ఇలా. రీపర్లే గోడలను నిలబెడతాయి. ఖాళీ కాలువల దగ్గర మాత్రం తాత్కాలికంగా రెండంగుళాల ముక్కలు పెట్టి, జిగురు ఆరాక తీసేయాలి. ఫెవికాల్ చాలు, పేర్పులకు వెనక నుంచి ఒక్కో స్క్రూ అదనం. సందులు మిగిలితే రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి నింపు. ఇది అందం కోసం కాదు. సన్నని సందుల్లో గాలి రుద్దుకుని శబ్దం అక్కడే చచ్చిపోతుంది, చెదరాల్సింది పోయి పీల్చుకునే ప్యానెల్ అవుతుంది. చివర వార్నిషో పెయింటో రెండు పూతలు కొట్టడం కూడా ఇందుకే.

ఏ చెక్క అన్నావు. ఏదైనా ఒకటే. టేకుతో చేస్తే శబ్దం బాగుంటుందనేది అమ్మేవాళ్ల మాట. శబ్దానికి కావాల్సింది లోతు, నునుపు, గట్టితనం, అంతే. మన దగ్గర చూసుకోవాల్సింది వేరే. పచ్చి కట్టె అయితే మన ఎండకు నెల తిరక్కుండా మెలి తిరుగుతుంది, ఎండిన కట్టే తీసుకో. చెదలు ఉన్న ఇల్లైతే వేప మంచిది, లేదా మందు పూసిన కట్టె. ప్యాకింగ్ పెట్టెల పైన్ కూడా పని చేస్తుంది, మేకులు తీసే ఓపిక ఉంటే.

బరువు గురించి ఎవరూ చెప్పరు. ఈ ప్యానెల్ 35 కిలోలు దాటుతుంది. రెండు మేకులకు తగిలించి దాని కింద గాయకుడిని కూర్చోబెట్టకు. ఇటుక గోడైతే యాంకర్ బోల్టులు, రాయి-మట్టి గోడైతే అసలు వేలాడదీయకు. నీ విషయంలో వేలాడదీసే పనే లేదు. అల్మరా బండ మీద కూర్చోబెట్టి, జారకుండా రెండు వైపులా బిగిస్తే చాలు. బండ ఆ బరువును లెక్క కూడా చేయదు.

ఇందాక అల్మరా వెనకవైపు ఉండాలన్నది ఇందుకే. 12 అడుగుల గదిలో ముందు గోడ నుంచి సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర కూర్చుంటే, నీ వెనక ఏడు అడుగులకు పైగా ఉంటుంది. డిఫ్యూజర్ పని చేయడానికి దూరం కావాలి, దాని కింది హద్దు అలకు మూడింతలైనా ఉండాలని సాధారణంగా చెబుతారు. 965 హెర్ట్జ్‌కు అది ఒక మీటరు పైచిలుకు. నీకు రెండు మీటర్లు ఉంది కాబట్టి సరిపోతుంది. అదే పక్క గోడకు పెడితే చెవికి మరీ దగ్గర, ఒక్కో కాలువ విడిగా వినిపిస్తున్నట్టు గజిబిజిగా ఉంటుంది. వెనక గోడకు పోయి తిరిగొచ్చే శబ్దం నేరుగా వచ్చినదానికంటే సుమారు 13 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, దాన్ని ఒకే దెబ్బగా కాకుండా చెదరగొట్టడమే ఇక్కడ మనకు కావాల్సింది. కాలువలు నిలువుగా ఉండాలి. నిలువు కాలువలు శబ్దాన్ని కుడి ఎడమలకు చెదరగొడతాయి, కూర్చున్న చెవులకు కావాల్సింది అదే. ప్యానెల్ మధ్యభాగం చెవి ఎత్తుకు రావాలి.

రెండుకంటే ఎక్కువ వరుసలు పక్కపక్కన పెట్టాలనిపిస్తే ఆగు. ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తే శబ్దం కొన్ని దిక్కులకే ఎక్కువగా పోతుంది. మూడోదాన్ని తిరగేసిన లోతులతో, అంటే 0, 6, 3, 5, 5, 3, 6తో కట్టి మధ్యలో పెట్టాలి. నీ గదికి అంత అక్కర్లేదు.

వీడియోలో చూసిన దిమ్మెల రకం సంగతి. అందులో నికార్సైనది 157 అనే ప్రధాన సంఖ్య మీద కట్టినది, 12 అడ్డం 13 నిలువు, మొత్తం 156 దిమ్మెలు. అది పైకీ కిందికీ పక్కలకూ అన్ని వైపులా చెదరగొడుతుంది. చెడ్డదేమీ కాదు, కానీ 156 దిమ్మెలను సరైన పొడవుకు కోసి, సరైన స్థానంలో అతికించడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. చాలా వీడియోల్లో లెక్కే ఉండదు, చూడ్డానికి బాగుందని ఎత్తూ తగ్గూ అతికిస్తారు. ఆ మాత్రం పని నీ అల్మరా ఇప్పటికే చేస్తోంది.

పాడేవాళ్లు కూర్చునే వైపుకు మాత్రం ఇంకో చిన్న పని చెబుతా, నాకు కాలువల రకం కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను విల్లులా వంచి గోడకు బిగించడం. పాతకాలం రేడియో స్టూడియోల్లో ఈ వంపు పలకలే వాడేవాళ్లు. రెండడుగుల వెడల్పుకు ఐదంగుళాల ఉబ్బు వచ్చేలా వంచు. పైపొర గీతలకు అడ్డంగా వంచితే ప్లై సులభంగా వంగుతుంది, నిలువు వైపు బలవంతం చేస్తే విరుగుతుంది. తడి గుడ్డతో కాస్త తడిపి, నిదానంగా వంచి, రెండు అంచులనూ రీపర్ల మధ్య బిగించు. లోపల రాక్‌వూల్ కూరకపోతే డప్పులా మోగుతుంది. రెండు మూడు చేస్తే ఒక్కోదానికి ఒక్కో ఉబ్బు పెట్టు. చెక్కభజన బృందం నిలబడి వాయించేటప్పుడు, వాళ్ల వెనక ఇవి ఉంటే గది చచ్చినట్టూ ఉండదు, మోగినట్టూ ఉండదు. కాలువల రకంలాగా దగ్గర్నుంచి గజిబిజి కూడా ఉండదు, కాబట్టి చిన్న గదికి బాగా నప్పుతుంది.

కొలిచి చూసుకోవాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక కొలత మైకు అద్దెకో అప్పుకో దొరికితే చాలు. మూలల్లో ప్యానెల్స్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి తీసి 56, 112 దగ్గర ఎంత తగ్గిందో చూడు. అల్మరా సర్దాక మళ్లీ తీసి, ఆ మూడు గ్రాఫులూ నాకు పంపు. అవి చూశాక రీపర్లు కొనాలా వద్దా చెబుతా.